రివ్యూ పేపర్ రెండు చోట్ల తిరిగొచ్చింది, మూడోవాళ్ళు వారంలో వేస్తామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

నాగావళి_ఒడ్డు (రాయగడ)
14 జూలై 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. రాయగడలో ఒక డిగ్రీ కాలేజీలో హోమ్ సైన్స్ చెప్తున్నాను. పక్కన పీహెచ్‌డీ నడుస్తోంది, చోళ్ళ మీద. మన ఒడియా స్నేహితులకి మండియా, తెలంగాణ వైపు వాళ్ళకి తైదలు, మిగతా అందరికీ రాగులు.

థీసిస్‌లో రెండో అధ్యాయం, అంటే ఇంతకుముందు ఎవరేం చేశారన్నది, 58 పేజీలు వచ్చింది. గైడుగారు "ఇంత చదివావు కదా, దీన్నే రివ్యూ పేపరుగా పంపించెయ్" అన్నారు. రివ్యూ పేపరంటే కొత్త ప్రయోగం కాదు, అప్పటిదాకా వచ్చిన పనుల సమీక్ష. పంపాను. ఒక జర్నల్ నాలుగు రోజుల్లో తిప్పి పంపింది, రెండోది పదకొండు రోజులకి. రెండూ రివ్యూయర్ల (పేపరు చదివి బాగోగులు చెప్పే ఆ రంగంవాళ్ళ) దాకా పోలేదు, ఎడిటర్ దగ్గరే ఆగిపోయాయి. ఇద్దరూ చెప్పింది ఒకటే: ఇప్పటికే తెలిసినదానికి ఇందులో కొత్తగా కలిసేది తక్కువ అని.

ఇంతలో మొన్న ఒక మెయిల్. "గౌరవనీయ ప్రొఫెసర్‌గారికి" అని మొదలు (నేనింకా అసిస్టెంట్‌నే). 72 గంటల్లో పీర్ రివ్యూ (రివ్యూయర్ల పరిశీలన), వారంలో ప్రచురణ, 6,500 రూపాయలు, పైన ఒక సర్టిఫికెట్. కాలేజీలో నాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) పని నడుస్తోంది. ప్రిన్సిపాల్‌గారు ఎదురైనప్పుడల్లా "పేపరెప్పుడమ్మా" అంటున్నారు. డబ్బు కట్టాలా, వద్దా?

గుణుపురం_గణితం
14 జూలై, రాత్రి 11:15

కట్టేసి ఊరుకోండి మేడం. చదివేదెవరు? లెక్కపెట్టేవాళ్ళే గానీ చదివేవాళ్ళు లేరు. మా డిపార్టుమెంటులో సగంమంది అలా వేయించుకున్నవాళ్ళే, అందరూ హాయిగానే ఉన్నారు. పెద్ద జర్నల్ అని కూర్చుంటే రెండేళ్ళు పోతాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
15 జూలై, ఉదయం 7:05

గణితంగారూ, పొద్దున్నే మీ పోస్టు చూసి కాఫీ చేదెక్కింది.

అమ్మాయ్, నేను లైబ్రేరియన్ని. ఈ మెయిళ్ళు పట్టుకుని నా దగ్గరికి వారానికి ఇద్దరైనా వస్తారు. నేను చేసేది చెప్తాను. మెయిల్లో ఉన్న లింకు నొక్కకు. అసలు జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) దొంగిలించి అచ్చం అలాంటి సైటే కట్టేవాళ్ళున్నారు. జర్నళ్ళని చూసి జాబితాలో చేర్చుకునే స్కోపస్ వాళ్ళ సోర్సెస్ పేజీ ఎవరికైనా ఊరికే తెరుచుకుంటుంది. అక్కడ ఐఎస్‌ఎస్‌ఎన్ కొట్టు. పేరు కనపడగానే సంబరపడకు, ఏ ఏడు దాకా కవరేజ్ ఉందో చూడు. ఆపేసిన జర్నల్ అయితే అక్కడే రాసి ఉంటుంది. చాలామంది జారేది ఇక్కడే. 2019లో ఉన్నది 2025లో ఉండాలని లేదు. అలాంటిదే ఇంకోటి వెబ్ ఆఫ్ సైన్స్, దానికి మాస్టర్ జర్నల్ లిస్ట్ ఉంది, పూర్తి ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఊరికే చదువుకోగల) జర్నళ్ళకి డీఓఏజే అనే జాబితా ఉంది. సైటు మీద స్కోపస్ బొమ్మ అతికించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గూగుల్ స్కాలర్‌లో కనపడుతుంది అనేది కూడా గొప్ప కాదు, అందులో అన్నీ కనపడతాయి.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వాళ్ళ నమ్మదగిన జర్నళ్ళ జాబితా, యూజీసీ-కేర్, ఉండగా "కేర్‌లో ఉందా" అని ఒక్క ప్రశ్నతో పని అయిపోయేది. ఈ ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేశారు. జర్నల్‌ని చూసుకోవడానికి కొన్ని కొలమానాలు సూచించి, నిర్ణయం కాలేజీలకీ యూనివర్సిటీలకీ వదిలేశారు. దొంగ జర్నళ్ళ పేర్లు చెప్పే బీల్ జాబితా 2017 జనవరిలోనే పోయింది. కాబట్టి ఇప్పుడు మన కళ్ళే మనకి జాబితా.

ఇంకో పని చెయ్యి. ఆ జర్నల్లో పోయిన నెల వచ్చిన నాలుగు పేపర్లు తెరిచి చదువు. ఒకే సంచికలో సిమెంటు, ఆయుర్వేదం, బ్యాంకింగ్, చోళ్ళు కలిసి ఉన్నాయంటే నాకు ఫోన్ కూడా చెయ్యక్కర్లేదు.

జయపురం_వడ్లు
15 జూలై, మధ్యాహ్నం 1:30

నేను కట్టినవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

కొరాపుట్ దేశవాళీ వరి రకాల మీద రివ్యూ రాశాను. 1955-59లో జయపురం ప్రాంతంలో జరిగిన వరి సేకరణ సర్వే దగ్గర నుంచి, 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ మన కొరాపుట్ వ్యవసాయానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చేదాకా. ఏడాదిన్నర కష్టం. ఇలాంటి మెయిలే వచ్చింది, డబ్బు కట్టి పంపాను. మూడోరోజు అంగీకార పత్రం. రివ్యూయర్ల వ్యాఖ్య అని ఒకే వాక్యం: వ్యాసం చాలా బాగుంది, ఇంగ్లీషు సరిచూడండి. అప్పుడు నాకు అనుమానం వచ్చి వెనక్కి తీసుకుంటానన్నాను. వెనక్కి తీసుకోవాలంటే 9,000 కట్టమన్నారు. కట్టలేదు. వాళ్ళు నన్ను అడగకుండానే వేసేశారు.

డబ్బు పోయినందుకు బాధ లేదు. ఆ పేపర్ ఇంకెక్కడికీ పంపలేను. ఒకసారి అచ్చయినదాన్ని మళ్ళీ పంపితే తప్పు నాదవుతుంది. సంవత్సరం తర్వాత ఆ సైటే లేదు. నా పేపర్ ఇప్పుడు నా లాప్‌టాప్‌లో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు, అయినా అది "ప్రచురితం". కట్నం ఇచ్చి పిల్లని ఇచ్చినచోటే పోగొట్టుకున్నట్టయింది.

గుణుపురం_గణితం
15 జూలై, మధ్యాహ్నం 2:10

అయ్యో. అంత తెలీదండీ. కానీ పెద్ద పేర్లు మాత్రం పవిత్రమా? హిందావీ అనే ప్రచురణ సంస్థ సంగతేంటి?

మహేంద్రతనయ
15 జూలై, సాయంత్రం 6:40

మంచి ప్రశ్నే. 2023లో ఒక్క ఏడాదిలో హిందావీ జర్నల్స్ నుంచి 8,000 పైన పేపర్లు వెనక్కి తీసుకున్నారు. దాన్ని కొన్న వైలీ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు చివరికి ఆ పేరే వదిలేశారు. అతిథి ఎడిటర్లతో నడిచే ప్రత్యేక సంచికల దారిన పేపర్ల మిల్లులు (డబ్బుకి దొంగ పేపర్లు తయారుచేసేవాళ్ళు) లోపలికి దూరాయి. అందుకే నేను చెప్పేది, జాబితాలో ఉందా లేదా అని ఆగిపోవద్దని. "ప్రత్యేక సంచికకి మీ రివ్యూ పంపండి" అని మెయిల్ వస్తే ఆ అతిథి ఎడిటర్ ఎవరో, ఆయన పని ఏమిటో చూసుకోవాలి.

బరంపురం మాస్టారు
15 జూలై, రాత్రి 9:20

అందరూ ఎక్కడికి పంపాలో మాట్లాడుతున్నారు. అమ్మా, ఏం పంపుతున్నావో నువ్వు ఇంకా చెప్పలేదు.

నేను రిటైరైనవాణ్ణి, ఇరవై ఏళ్ళుగా రివ్యూలకి రివ్యూయర్‌గా కూర్చున్నాను. నీ పేపర్ పేరేమిటి, శీర్షికలేమిటి, ఇక్కడ పెట్టు. దాచుకునేదేం లేదు ఇందులో.

నాగావళి_ఒడ్డు
16 జూలై, ఉదయం 6:10

మాస్టారూ, నమస్కారం. పేరు: "చోళ్ళు: పోషక విలువలు, ఆరోగ్య ప్రయోజనాలు, ప్రాసెసింగ్ - ఒక సమీక్ష". (ఇంగ్లీషులోనే ఉంది, ఇక్కడికి తెలుగులో రాశాను.)

పరిచయం. పంట చరిత్ర, తూర్పు ఆఫ్రికా నుంచి రాక. పోషకాలు, కాల్షియం. పాలీఫినాల్స్. మధుమేహంలో ఉపయోగం. యాంటీ ఆక్సిడెంట్. మొలకెత్తించడం, పులియబెట్టడం, వేయించడం. చోళ్ళతో బిస్కెట్లు, నూడుల్స్. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. ఒడిశా మిల్లెట్ మిషన్. ముగింపు. 212 రిఫరెన్సులు.

బరంపురం మాస్టారు
16 జూలై, రాత్రి 8:55

అనుకున్నాను.

అమ్మా, కోపం తెచ్చుకోకు. ఇది సమీక్ష కాదు, సంత. అన్నీ ఉన్నాయి, ఏదీ తూకం వెయ్యలేదు. ఇలాంటి చోళ్ళ రివ్యూలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి. మన దేశపు జర్నల్ ఆఫ్ ఫుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలోనే 2014లో చోళ్ళ పాలీఫినాల్స్, పీచు మీద ఒకటి వచ్చింది, ఇప్పటికీ అందరూ దాన్నే ఉదహరిస్తారు. ఎడిటర్ చేతిలోకి నీ పేపర్ రాగానే మొదట అదే గుర్తొస్తుంది. అది ఉండగా ఇది దేనికి? నువ్వు రాసిన మొదటి పేజీలో దానికి జవాబు లేదు.

థీసిస్‌లో రెండో అధ్యాయం ఎందుకు రాస్తాం? నేను అన్నీ చదివానని పరీక్షకుడికి చూపించుకోడానికి. రివ్యూ ఎందుకు రాస్తాం? అన్నీ చదవలేనివాడికి, చదివినవి ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ పొసగట్లేదో చెప్పడానికి. మొదటిదాన్ని కత్తిరిస్తే రెండోది రాదు.

ఒక ఉదాహరణ చెప్తాను. మొలకెత్తిస్తే చోళ్ళలో ఫైటేట్ (ఖనిజాలని ఒంటికి పట్టనివ్వని పదార్థం) తగ్గుతుంది, ఇనుము, కాల్షియం ఒంటికి పట్టడం మెరుగవుతుంది అని నువ్వు రాసే ఉంటావు, కింద పది రిఫరెన్సులు ఇచ్చి ఉంటావు. ఆ పదీ తెరువు. ఒకరు పన్నెండు గంటలు నానబెట్టారు, ఒకరు ఇరవై నాలుగు. ఒకరు ఎర్ర చోళ్ళు తీసుకున్నారు, ఒకరు తెల్లవి. తెల్లవాటిలో టానిన్, అదీ ఖనిజాలని పట్టనివ్వనిదే, ముందే తక్కువ. ఒకరు తడి బరువు మీద లెక్క చెప్పారు, ఒకరు పొడి బరువు మీద. మొలకకి నీళ్ళు ఎక్కుతాయి కాబట్టి తడి బరువు మీద చెప్తే ఏ పోషకమైనా తగ్గినట్టే కనపడుతుంది. నానబెట్టిన నీళ్ళు పారబోస్తే ఫైటేట్‌తో పాటు ఖనిజాలూ కొంత పోతాయి. అది ఎవరు లెక్కగట్టారు, ఎవరు గట్టలేదు? అందరూ "ఒంటికి పట్టడం" అన్నారు గానీ సగంమంది గాజు గొట్టంలో కృత్రిమ జీర్ణరసాలతో కొలిచారు. అది కరగడమే, పట్టడం కాదు. మనుషుల మీద చేసినవి ఎన్ని?

ఈ ప్రశ్నలన్నీ ఒక పట్టికలో పెట్టి, ఒక్కో పేపర్‌ని ఒక్కో వరుసలో కూర్చోబెట్టు. ఆ పట్టికే నీ పేపర్. మిగతా 50 పేజీలు దానికోసం పోనీ.

నాగావళి_ఒడ్డు
16 జూలై, రాత్రి 11:48

మాస్టారూ, రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళలో నీళ్ళొచ్చాయి. రెండోసారి పది పేపర్లు తెరిచాను. ఆరింటిలో పొడి బరువో తడి బరువో రాయనేలేదు.

ప్రాణహిత_పోరడు (సిరొంచ)
17 జూలై, ఉదయం 9:30

అందరికి నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. బాటనీ ఎమ్మెస్సీ అయింది, ఇక్కడ్నే గెస్ట్ లెక్చరర్‌గా చేస్తున్న. మాస్టార్ చెప్పింది నోట్స్ రాసుకున్న. గాని ఒక్కటి అడుగుత. రెండువందల పేపర్లు మీకెట్ల దొరుకుతున్నయి? మా దగ్గర సగం పేపర్లకి ముప్పై, నలభై డాలర్లు అడుగుతది. ఇంటర్నెట్ సుత ఒక్కోసారి పొద్దంతా రాదు.

మహేంద్రతనయ
17 జూలై, ఉదయం 10:20

తమ్ముడూ, నీది ప్రభుత్వ కాలేజీ అయితే "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద ఉందేమో మీ ప్రిన్సిపాల్‌ని అడుగు. 2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నల్స్. యూజీసీ కింద ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతోంది. 2025 జనవరి నుంచి మొదలైంది. మా దగ్గర చాలామందికి లాగిన్ ఉందన్న సంగతే తెలీదు. ప్రభుత్వ సంస్థ కాకపోతే ఇది అందదు. అప్పుడు రచయితకి మర్యాదగా మెయిల్ రాయి, పది మందిలో ఐదుగురైనా పీడీఎఫ్ పంపుతారు. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ పొడిగింపు పెట్టుకో, ఎక్కడైనా చట్టబద్ధంగా ఉచిత ప్రతి ఉంటే చూపిస్తుంది. పాత థీసిస్‌లకి శోధ్‌గంగ అనే సైటు ఉంది.

రిఫరెన్సులు చేత్తో రాసుకోవద్దు. వాటిని దాచి పెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ ఉచితం.

ప్రాణహిత_పోరడు
17 జూలై, ఉదయం 11:02

అక్కా చాలా థాంక్స్. ఇంకొకటి, నవ్వకండ్రి. నేను పోయిన నెల ఒక చాట్‌బాట్‌ని మా ఇప్పపువ్వు మీద పేపర్లు చెప్పమంటే ముప్పై చెప్పింది. పేరు, జర్నల్, ఏడు, పేజీలు అన్ని సక్కగున్నయి. ఎతికితే పదకొండు అసలు లేనే లేవు. ఇంకో నాలుగింటికి డీఓఐ, అంటే పేపర్ గుర్తింపు నంబరు, వేరే పేపర్‌ది.

బరంపురం మాస్టారు
17 జూలై, రాత్రి 8:10

నవ్వేదేముంది నాయనా. పోయిన ఏడాది నా దగ్గరికి వచ్చిన ఒక రివ్యూలో నేనే రాశానంటూ ఒక పేపర్ ఉంది. నేను రాయలేదు. బాగుంటే రాసేవాణ్ణేమో. అక్కడితో ఆ రివ్యూ చదవడం ఆపి ఎడిటర్‌కి రాశాను. భాష దిద్దుకోవడానికి ఆ పరికరం వాడితే వాడావని రాయి, చాలా జర్నల్స్ ఇప్పుడు అడుగుతున్నాయి. దాన్ని రచయితగా పెట్టడం మాత్రం కుదరదు, 2023లోనే కోప్ (ప్రచురణ నీతి కమిటీ) ఆ మాట తేల్చేసింది. రిఫరెన్సు మాత్రం నీ కళ్ళతో తెరిచి చూసినదే ఉండాలి.

గుణుపురం_గణితం
18 జూలై, సాయంత్రం 5:25

మాస్టారూ, ఇవన్నీ చేసేకంటే "సిస్టమాటిక్ రివ్యూ" అని పేరు పెట్టి ప్రిస్మా బొమ్మ ఒకటి అతికిస్తే ఎడిటర్లు తీసుకుంటారని మా కొలీగ్ అంటాడు. డబ్బాలు, బాణాలు ఉంటాయే, అది. నిజమేనా?

బరంపురం మాస్టారు
18 జూలై, రాత్రి 9:40

నీ కొలీగ్‌లాంటివాళ్ళవల్లే నాకు బీపీ.

ప్రిస్మా అంటే సిస్టమాటిక్ రివ్యూలో ఏమేం చెప్పాలో పెట్టిన ప్రమాణం. ప్రిస్మా 2020లో 27 అంశాల చెక్‌లిస్టు ఉంది. ఆ డబ్బాల బొమ్మ అందులో ఒక్క అంశం. ఏ డేటాబేసుల్లో, ఏ తేదీన, ఏ మాటలతో వెతికావు, ఎన్ని వచ్చాయి, నకళ్ళు ఎన్ని తీసేశావు, సారాంశం చదివి ఎన్ని, పూర్తిగా చదివి ఎన్ని పక్కన పెట్టావు, ఎందుకు. ఇంకొకడు అదే దారిన వెళ్తే అక్కడికే చేరాలి. పని అయ్యాక అంకెలు కల్పించి బొమ్మ గీస్తే దొరికిపోతారు. ఒకసారి ఒకాయన బొమ్మలో పైన 480, తీసేసినవి 300, మిగిలినవి 210. కూడిక రాదా అని రాశాను.

అన్ని రివ్యూలూ సిస్టమాటిక్ కావాలని లేదు. విషయం ఎంత విస్తరించిందో చూపించాలంటే స్కోపింగ్ రివ్యూ, దానికి 2018లో వచ్చిన ప్రిస్మా విస్తరణ ఉంది. మామూలు కథన సమీక్షా మంచిదే, కానీ దానికి పేరున్న మనిషి కావాలి. నలభై ఏళ్ళు ఆ పొలం దున్నినవాడు "నాకు ఇలా అనిపిస్తోంది" అంటే వింటారు. అందుకే యాన్యువల్ రివ్యూస్ లాంటివి పిలిచి రాయిస్తాయి. కొత్తవాళ్ళకి పద్ధతే పేరు. మన అమ్మాయికి నేను సిస్టమాటిక్కే చెప్తాను, ప్రశ్న చిన్నది చేసుకుని.

అమ్మా, ప్రోటోకాల్ ముందే నమోదు చేసుకో. ప్రోస్పెరో అనే నమోదు సైటు మనుషుల ఆరోగ్య ఫలితాల రివ్యూలకి; గాజు గొట్టం పనులకి అది కుదరదు. ఓఎస్‌ఎఫ్ అనే సైటులో పెట్టు, ఉచితం. వెతికేటప్పుడు శాస్త్రీయనామం, ఫింగర్ మిల్లెట్, రాగి, మండియా, ఇథియోపియా వాళ్ళ డాగుస్సా, స్వాహిలీ వింబి, ఉలేజీ, అన్నీ వెయ్యి. సగం పని ఆఫ్రికాలో జరిగింది, మనం మనవే చదువుకుని మురిసిపోతాం. ఇంకోటి: సారాంశాలు వడపోసేటప్పుడు ఇద్దరు ఉండాలి, ఒకరికి తెలీకుండా ఒకరు. ఒక్కరే చేస్తే మనకి నచ్చినవే మిగులుతాయి.

ప్రాణహిత_పోరడు
18 జూలై, రాత్రి 10:15

అక్కా, ఆ రెండో మనిషి నేనైత. నాకు టైమున్నది. నేర్చుకుంట కూడ.

నాగావళి_ఒడ్డు
19 జూలై, ఉదయం 6:30

తమ్ముడూ, నీ మెయిల్ ఐడీ ప్రైవేటుగా పంపు. రయ్యాన్‌లో (వడపోతకి వాడే సైటు) ఇద్దరం పెట్టుకుందాం.

కానీ ఇక్కడే చిక్కు. ప్రిన్సిపాల్‌గారు తన పేరూ ఉండాలన్నారు, "సంస్థ అధిపతిగా". గైడుగారు సరే అనెయ్యమంటున్నారు.

మహేంద్రతనయ
19 జూలై, ఉదయం 9:00

రచయిత ఎవరనేదానికి ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ళ ఎడిటర్ల కమిటీ) నియమాలు నాలుగు చెప్తాయి: ఆలోచనలోనో, సమాచారం సేకరించడంలోనో, విశ్లేషణలోనో నిజమైన పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతికి ఒప్పుకోవాలి, రేపు తప్పు దొరికితే జవాబు చెప్పాలి. నాలుగూ ఉండాలి. నాలుగోది వినిపించు ఆయనకి. "సార్, మీ పేరు పెడతాను, పట్టికలో ఏ అంకె తప్పని తేలినా మీరూ సంతకం పెట్టాలి" అను. మా దగ్గర ముగ్గురికి ఈ మాట చెప్పాను, ముగ్గురూ కృతజ్ఞతల్లో వేస్తే చాలన్నారు.

ప్రమోషన్లకి చూసే పాయింట్ల లెక్క కూడా చెప్పు. యూజీసీ 2018 రెగ్యులేషన్ల ప్రకారం ఇద్దరు రచయితలైతే ఒక్కొక్కరికి 70 శాతం. ముగ్గురు, ఆ పైన అయితే మొదటి లేదా కరస్పాండింగ్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే) రచయితకి 70, మిగతావాళ్ళకి తలా 30. సిరొంచ తమ్ముడు వడపోసి, పట్టిక నింపి, ప్రతిని చదివి దిద్దితే అతను రచయితే. అతనికి రావాల్సినది ప్రిన్సిపాల్‌గారికి వెళ్ళకూడదు.

జయపురం_వడ్లు
19 జూలై, సాయంత్రం 4:45

ఒక చిన్న హెచ్చరిక. థీసిస్‌లోంచి పేరాలు అలాగే తెచ్చుకోవద్దు. జర్నల్స్ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తాయి. రేపు థీసిస్ శోధ్‌గంగలో పెట్టేటప్పుడు తిరిగి అదే పేపర్‌తో సరిపోలుతుంది. యూజీసీ 2018 నియమంలో 10 శాతం దాకా చూసీచూడనట్టు వదులుతారు, ఆ పైన 40 శాతం దాకా దిద్దమని థీసిస్ తిప్పి పంపుతారు, ఇంకా పైనైతే శిక్ష పెద్దది. పేపర్ నీదేనని ముందే రాసి ఉంచుకో. బొమ్మలు కూడా: ఎవరి పేపర్‌లోదో మొలక బొమ్మ తెచ్చి పెట్టి కింద పేరు రాస్తే సరిపోదు. సీసీ బై లైసెన్సు (పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనేది) ఉన్నదైతే సరే, లేకపోతే అనుమతి అడగాలి. నేనైతే మళ్ళీ గీయించుకున్నాను, మా అన్నగారి అబ్బాయి చేత, రెండు ప్లేట్ల బిర్యానీకి.

నాగావళి_ఒడ్డు
21 సెప్టెంబర్ 2025, రాత్రి 9:10

రెండు నెలలు కనపడలేదు, క్షమించండి. పని జరిగింది.

కొత్త ప్రశ్న ఒక్కటే: ఇంట్లో చేసే పద్ధతులు, అంటే నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం, చోళ్ళలో ఫైటేట్‌నీ కాల్షియం, ఇనుము కరిగే తీరునీ ఎంత మారుస్తాయి, ఆ అంకెలు ఒకదానితో ఒకటి పోల్చదగినవేనా? 1,146 దొరికాయి. నకళ్ళు పోగా 803. తమ్ముడూ నేనూ విడివిడిగా చూశాం. 61 దగ్గర మాట కలవలేదు, గైడుగారు తీర్పు చెప్పారు. చివరికి నిలిచినవి 37. పాత 212 రిఫరెన్సుల్లో 19 మాత్రమే ఇందులోకి వచ్చాయి!

37లో పొడి బరువని స్పష్టంగా చెప్పినవి 21. నానబెట్టిన నీళ్ళు ఏం చేశారో చెప్పినవి 8. నాకు ఇది మూడో వారంలో అర్థమైంది, మా అమ్మ వంటింట్లో చోళ్ళు కడుగుతూ నీళ్ళు మొక్కలకి పోస్తుంటే.

ప్రిన్సిపాల్‌గారికి నాలుగో నియమం వినిపించాను. కృతజ్ఞతల్లో చాలన్నారు. లైబ్రరీ అక్కకి ఒక పాత చీర బాకీ ఉన్నాను.

ఇప్పుడు ఎక్కడికి పంపాలి?

మహేంద్రతనయ
21 సెప్టెంబర్, రాత్రి 9:50

పాత చీరెందుకు, కొత్తదే తీసుకురా.

నీ 37 పేపర్లు ఏ జర్నల్స్‌లో వచ్చాయో లెక్కపెట్టు. ఎక్కువసార్లు కనపడిన ఐదే నీ జాబితా. ఆ ఐదింటిలో రివ్యూలు తీసుకుంటారా, పిలిచినవే తీసుకుంటారా చూడు. అనుమానముంటే ఎడిటర్‌కి పది వాక్యాల మెయిల్ రాయి: ప్రశ్న, ఎన్ని పేపర్లు, ఇంతకుముందు రివ్యూల్లో లేనిది ఏమిటి. డబ్బు సంగతి భయపడకు. చాలా పెద్ద జర్నల్స్‌లో రెండు దారులు ఉంటాయి. ఓపెన్ యాక్సెస్ ఎంచుకుంటే లక్షలు అడుగుతారు, చందా దారి ఎంచుకుంటే రచయితకి పైసా ఖర్చు లేదు. అంగీకరించాక వచ్చే ఫారంలో తొందరపడి టిక్కు పెట్టొద్దు, అదే ముఖ్యం. పేద దేశాలకిచ్చే ఫీజు మాఫీల్లో ఇండియా చాలాచోట్ల లేదు, దాన్ని నమ్ముకోవద్దు. కరెంట్ సైన్స్‌కి ఫీజు లేదు, కానీ నీది దానికి మరీ లోతు.

నాగావళి_ఒడ్డు
11 డిసెంబర్ 2025, సాయంత్రం 7:30

పంపిన చోటు నుంచి జవాబు వచ్చింది. మేజర్ రివిజన్, అంటే బాగా దిద్ది మళ్ళీ పంపమని! రివ్యూయర్లు ముగ్గురు, వ్యాఖ్యలు 43. మొదటాయన మంచివాడు. మూడోవాళ్ళకి రెండే ప్రశ్నలు. రెండోవాళ్ళు మాత్రం నన్ను ఉతికి ఆరేశారు. ఒకచోట "రచయితలు వంట ఎప్పుడైనా చేశారా" అని అడిగారు.

బరంపురం మాస్టారు
11 డిసెంబర్, రాత్రి 8:40

శుభం. ఇష్టం లేనివాడు 43 వ్యాఖ్యలు రాయడమ్మా.

రెండు రోజులు ముట్టుకోకు. తర్వాత ప్రతి వ్యాఖ్యనీ అక్షరం మార్చకుండా ఎత్తి రాసి, దానికిందే జవాబు, మార్చిన చోట పంక్తి సంఖ్యతో సహా ఇవ్వు. ఒప్పుకున్నవి ముందు తేల్చు. ఒప్పుకోనివి ఉంటే ఒప్పుకోనని చెప్పు, ఆధారంతో. అన్నిటికీ తలూపితే ఎడిటర్‌కే అనుమానం వస్తుంది. ఆ వంట ప్రశ్న మాత్రం నాకు ఆసక్తిగా ఉంది. అసలేమన్నారు?

నాగావళి_ఒడ్డు
12 డిసెంబర్, ఉదయం 6:15

ఇలా అన్నారు: నిలిచిన పనులన్నిటిలోనూ పిండిని నీళ్ళలో కలిపి పులియబెట్టారు, లేదా మొలక కట్టారు, కానీ ఈ పంట తినే కొండ ప్రాంతాల్లో రాత్రి అన్నం లేదా నూకలతో కలిపి కుండలో ఉంచి మర్నాడు తాగే అంబలి ఉంటుంది కదా, దాన్ని ఎందుకు విడిగా చూపించలేదు? రచయితలు వంట ఎప్పుడైనా చేశారా?

పట్టిక మళ్ళీ తెరిచాను. మా చోడి అంబలి ఆ తీరులో ఒక్కరూ కొలవలేదు. నేను పుట్టిన దగ్గర్నుంచి తాగుతున్నది. 37 వరుసల్లో దానికి వరుస లేదు, నాకు తట్టలేదు. ఎక్కడో ఉన్న మనిషికి తట్టింది.

ప్రాణహిత_పోరడు
12 డిసెంబర్, ఉదయం 8:40

అక్కా, ఆ ఖాళీ వరుసనే పట్టికల చివర పెడదాం. "కొలిచినవి: 0" అని.

నాగావళి_ఒడ్డు
9 జనవరి 2026, రాత్రి 11:30

43కి జవాబులు రాసి, ఖాళీ వరుసతో సహా పంపేశాను. మాస్టారూ, రెండు వ్యాఖ్యలకి ఒప్పుకోలేదు, ఆధారం ఇచ్చాను. గైడుగారు భయపడ్డారు.

అమ్మ కుండ తీసి సగం అంబలి వేరే డబ్బాలో పోసింది, "మీ ల్యాబుకి పట్టుకెళ్ళు, కొలుస్తామన్నావు కదా" అని. మా కాలేజీలో ఫైటేట్ కొలిచే సదుపాయం లేదు. బరంపురంలో ఎవరి దగ్గరైనా ఉందా? చలి పెట్టెలో తెస్తాను.

బరంపురం మాస్టారు
10 జనవరి, ఉదయం 5:50

ఉంది. ఎంత నూక, ఎంత పిండి, ఎన్ని గంటలు, కుండ మట్టిదా అల్యూమినియందా, అమ్మగారిని అడిగి రాసుకుని రా. రెండు డబ్బాలు తే, ఒకటి ల్యాబుకి.